కళ్ళ ముందే తోటి మనిషి పోయాక: మూడు వారాలైనా ఆ దృశ్యం వదలనప్పుడు

"అక్కా" అంటూ మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. గోడౌన్‌లో మీతో ఆరేళ్ళుగా పనిచేస్తున్న ఆయన మూడు వారాల కిందట సరుకు దించుతూ దించుతూ కుప్పకూలిపోయారు. ఆంబులెన్స్ వచ్చేదాకా మీరే ఛాతీ నొక్కారు. ఆయన బతకలేదు. ఆ పొద్దున ఆయన "ఛాతీ పట్టేసినట్టుంది, గ్యాసేమో" అంటే "కాసేపు కూర్చో అన్నా" అని మీ పనిలో మీరు పడిపోయారు. ఇప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి వచ్చేటప్పటి బీప్ శబ్దం వింటే చేతులు చల్లబడుతున్నాయి. రాత్రి మూడింటికి మెలకువ వచ్చేస్తోంది. ఆయన పడిపోయిన మూలకి వెళ్ళలేక చుట్టు తిరిగి వెళ్తున్నారు. ఇంట్లోవాళ్ళేమో మర్చిపొమ్మంటున్నారు. ఆయన భార్య ఫోన్ చేస్తుంటే ఎత్తలేకపోతున్నారు. "నాకు పిచ్చెక్కుతోందా? నా వల్లే పోయాడా?" అని అడిగారు.

రెండూ కాదు. ఊరడించడానికి అంటున్న మాట కాదిది. ఎందుకు కాదో చెబుతాను, నిదానంగా చదవండి. ఒక్కసారే చదవలేకపోతే ఆపి మళ్ళీ రండి.

నేను ఇరవై మూడేళ్ళు కర్మాగారాల వైద్య కేంద్రాల్లో నర్సుగా చేశాను. ఎక్కడైనా మనిషి పడిపోయాడంటే సంచి పట్టుకుని పరుగెత్తేది నేనే. తర్వాత రోజుల్లో, అలాంటివి కళ్ళారా చూసిన కార్మికుల పక్కన కూర్చుని మాట్లాడడానికి విడిగా శిక్షణ తీసుకున్నాను. డాక్టర్ని కాదు కాబట్టి మీకున్నది ఫలానా జబ్బు అని నేను తేల్చను. కానీ మీరు నిలబడిన చోట నేనూ నిలబడ్డాను.

ముందు మీ మీద ఎక్కువ బరువున్న మాట దగ్గరికి వెళ్దాం. "మొదటి ఒకటి రెండు నిమిషాలు గురక పెట్టినట్టు ఊపిరి తీస్తున్నాడు, బతికే ఉన్నాడు కదా అని ఛాతీ నొక్కలేదు" అని రాశారు. అది ఊపిరి కాదు తమ్ముడూ. గుండె ఆగిపోయాక మెదడు అడుగుభాగం, అంటే మెదడు కాండం, ఆఖరి ప్రయత్నంగా ఛాతీ కండరాల్ని ఉండుండి ఎగదోస్తుంది. అప్పుడు గురకలాగా, ఎక్కిళ్ళలాగా, నీళ్ళు గుడగుడలాడినట్టుగా శబ్దం వస్తుంది. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామందిలో ఇది కనిపిస్తుంది. శిక్షణ లేనివాళ్ళు దాన్ని శ్వాస అనుకోవడం ప్రపంచమంతటా జరిగే పొరపాటు. అందుకే సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స, నేర్పే తరగతుల్లో దీని గురించి ప్రత్యేకంగా హెచ్చరిస్తారు. అత్యవసర నంబరుకు ఫోన్ చేస్తే అవతలివాళ్ళు "ఊపిరి తీస్తున్నాడా" అని ఊరుకోకుండా "మామూలుగా తీస్తున్నాడా" అని అడిగేది కూడా దీనికోసమే. మీకు ఎవరూ నేర్పలేదు. నేర్పని విషయం తెలియకపోవడం నేరం కాదు.

ఇంకో సంగతి. ఆ శబ్దం వచ్చే సమయానికి మనిషికి స్పృహ ఉండదు. ఆయన మీ వైపు చూస్తూ ఊపిరాడక అల్లాడుతున్నట్టు మీ మనసు ఇప్పుడు బొమ్మ గీస్తోంది. చూసిన మీకు అది నరకంలా ఉంది, కానీ లోపల ఆయన ఆ బాధ పడుతూ లేరు.

"ఆ రెండు నిమిషాలు ముందే మొదలుపెట్టి ఉంటే?" అని అడుగుతారు. తేడా ఏమీ ఉండేది కాదని నేను అబద్ధం చెప్పను. నిమిషాలు విలువైనవే. అయితే ఆ లెక్క మొత్తం చూడండి, మీకు నచ్చిన ఒక్క అంకెనే చూడకండి. ఆసుపత్రి బయట గుండె ఆగినవాళ్ళలో, వేగంగా ఆంబులెన్సులు వచ్చే చోట్ల కూడా, బతికి ఇంటికి చేరేది సుమారుగా పదిమందిలో ఒక్కరు. ఒక్కోచోట అంతకంటే తక్కువ. గుండెకు కరెంటు షాక్ ఇచ్చే యంత్రం, డీఫిబ్రిలేటర్, పక్కన లేకపోతే చేతులతో చేసేది కాలాన్ని కాస్త సాగదీయడమే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ కనీసం 5 సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా రెండు నిమిషాలకే అలసిపోతాడు. మీరు ఆంబులెన్స్ వచ్చేదాకా ఆపలేదు. చేతి కింద ఎముక విరిగినట్టు అనిపించిందని రాశారు కదా, అది కూడా మీ తప్పు కాదు. సరైన లోతుకు నొక్కితే పక్కటెముకలు విరగడం మామూలే. భయపడి పైపైన నొక్కి ఉంటే విరిగేవి కావు.

ఇక పొద్దుటి మాట. ఛాతీ పట్టేసిందని ఆయన అన్నారు, గ్యాసేమో అని కూడా ఆయనే అన్నారు. మీరు కూర్చోమన్నారు. ఆ నిమిషంలో మీ దగ్గరున్న సమాచారం అంతే. మధ్యాహ్నం ఏం జరగబోతోందో తెలిసిన మనిషిగా మీరు ఇప్పుడు ఆ పొద్దుట్లోకి వెళ్ళి, తెలియని మనిషిని నిలదీస్తున్నారు. ఇద్దరూ మీరే కావడంతో ఆ విచారణ అన్యాయమని మీకు తట్టడం లేదు. ఒక పని చేయండి. కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ఆ పొద్దున నిజంగా మీకు తెలిసినవి మాత్రమే రాయండి. రెండోవైపు తర్వాత తెలిసినవి రాయండి. "అది గుండెపోటు" అన్నది ఏ వైపుకి వస్తుందో మీ చేత్తోనే రాసి చూసుకోండి. నేను చాలామంది చేత ఈ పని చేయించాను. గీతకు ఎడమవైపు రాయడానికి ఎంత తక్కువ ఉందో చూసి ఏడ్చినవాళ్ళున్నారు. ఆ ఏడుపు మంచిదే.

ఒకవేళ ఎవరైనా నిజంగానే తప్పు చేసి ఉంటే, కంచె తీసేసి ఉంటే, యంత్రం ఆపడం మర్చిపోయి ఉంటే, అప్పుడు మాట్లాడే తీరు వేరు. అక్కడ "నీ తప్పు లేదు" అనడం ఎదుటి మనిషిని అవమానించడమే. మీ విషయంలో అలాంటిదేమీ నాకు కనపడలేదు కాబట్టి దాని జోలికి పోను.

పిచ్చి సంగతి చూద్దాం. ప్రాణం పోతున్న దృశ్యం చూసినప్పుడు మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే భాగం, దాన్ని అమిగ్డలా అంటారు, చుట్టూ ఉన్న ప్రతి శబ్దాన్నీ వాసననూ వెలుతురునూ "ఇది ప్రమాదం" అని ముద్ర వేసి దాచుకుంటుంది. జరిగినదానికి తేదీ, చోటు, మొదలు, చివర అతికించి "ఇది గడిచిపోయింది" అని సర్దిపెట్టే పని హిప్పోకాంపస్‌ది. విపరీతమైన భయంలో ఆ సర్దుడు సరిగా జరగదు. అందుకే ఆ జ్ఞాపకం గతంలా గుర్తుకు రాదు, ఇప్పుడే జరుగుతున్నట్టు మీద పడుతుంది. ఆయన పడిపోయిన క్షణంలో వెనకాల ఫోర్క్‌లిఫ్ట్ బీప్ మోగుతోంది కాబట్టి మీ ఒంటికి ఆ బీపే మృత్యువు అయిపోయింది. పిచ్చెక్కినందుకు కాదు, మిమ్మల్ని కాపాడాలన్న తాపత్రయంలో మెదడు గంట మోగించడం ఆపలేకపోతున్నందుకు మీకిలా ఉంది.

ఇది జబ్బుగా మారిందా లేదా అనడానికి వైద్యులకు ఒక కాలపరిమితి ఉంది. కళ్ళారా మరొకరి మరణం చూడడం కూడా ఇందులోకి వస్తుంది, దెబ్బ మీకే తగలాల్సిన అవసరం లేదు. మూడు రోజుల నుంచి నెల లోపు ఈ లక్షణాలు తీవ్రంగా ఉంటే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. నెల దాటినా తగ్గకుండా పనినీ నిద్రనీ సంసారాన్నీ దెబ్బతీస్తుంటే పీటీఎస్‌డీ, అంటే పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, ఉందేమో పరీక్షిస్తారు. ఈ పేరు అమెరికా మానసిక వైద్యుల సంఘం జాబితాలోకి ఎక్కింది 1980లో. అంతకుముందు యుద్ధం నుంచి వచ్చిన సైనికుల్ని కూడా పిరికివాళ్ళని వెక్కిరించిన రోజులున్నాయి. మీరు మూడో వారంలో ఉన్నారు. ఇలాంటివి చూసినవాళ్ళలో ఎక్కువమందికి వారాలు గడిచేకొద్దీ వాటంతట అవే నెమ్మదిస్తాయి. తగ్గుతోందా, ఒకేలా ఉందా, పెరుగుతోందా అన్నది చూసుకోవాలి. రోజూ పడుకోబోయే ముందు సున్నా నుంచి పదిలోపు ఒక అంకె వేసి తేదీ పక్కన రాసుకోండి. మనసు నిన్నటిని మర్చిపోయి "ఎప్పుడూ ఇంతే" అంటుంది. ఆ కాగితం మీకూ, రేపు డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సి వస్తే ఆయనకూ పనికొస్తుంది.

మీ మేనేజర్ అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి జరిగింది మొత్తం ఒక్కొక్కరి చేత చెప్పిస్తానంటే మీరు రాలేనన్నారని రాశారు, అది తప్పా అని అడిగారు. తప్పు కాదు. 1980ల నుంచి ఈ పద్ధతి బాగా వాడుకలో ఉండేది. జరిగిన వెంటనే అందరి చేతా వివరంగా చెప్పిస్తే తర్వాత జబ్బు రాదని నమ్మేవారు. తర్వాత పరిశోధనల్లో అది రక్షణ ఇవ్వదని, కొందరికి ఇంకా చేటు చేస్తుందని తేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స పుస్తకం చెప్పేది వేరు: సురక్షితంగా ఉన్నాడా చూడు, ఏం కావాలో అడుగు, చెప్పాలనుకుంటే విను, బలవంతంగా తవ్వకు, తనవాళ్ళతో కలుపు. మీకు చెప్పాలనిపించిన మనిషికి, చెప్పాలనిపించినప్పుడు, చెప్పాలనిపించినంత చెప్పండి. అసలు ఎవరికీ చెప్పకుండా గొంతులో దాచుకోవడం మాత్రం వద్దు.

ఇంట్లోవాళ్ళు మర్చిపోమనేది ప్రేమతోనే, కానీ ఆ సలహా పనిచేయదు. తరిమేకొద్దీ ఆ దృశ్యం రెట్టింపు బలంతో తిరిగొస్తుంది. వాళ్ళకి ఈ ఒక్క మాట చెప్పండి: "నాకు సలహా వద్దు, పదిహేను నిమిషాలు నా పక్కన కూర్చో చాలు." ఎముక విరిగిన సంగతి లాంటి వివరాలన్నీ మీ ఆవిడకు చెప్పక్కర్లేదు. మీకు ఎలా ఉందో చెబితే సరిపోతుంది.

నిద్ర గురించి. మూడింటికి మెలకువ వస్తే పడక మీదే దొర్లుతూ ఉండకండి. లేచి ఇంకో గదిలోకి వెళ్ళి, పాదాలు నేలకు ఆనించి, గదిలో కనిపిస్తున్న వస్తువుల పేర్లు నెమ్మదిగా పైకే చెప్పండి. ఇవాళ తేదీ చెప్పండి, "ఇది నా ఇల్లు, అది అయిపోయింది" అనండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ హిప్పోకాంపస్ చేయలేకపోయిన సర్దుడు పనిని మీరు నోటితో చేస్తున్నారన్నమాట. ఊపిరి లోపలికి తీసినదానికంటే బయటికి వదిలేది పొడవుగా ఉండాలి, నాలుగు లెక్కపెట్టి తీస్తే ఆరు లెక్కపెట్టి వదలండి. గుండె వేగం తగ్గేది వదిలేటప్పుడే. గోడౌన్‌లో బీప్ మోగినప్పుడు కూడా ఇదే.

మద్యం గురించి మీరు రాయలేదు, అయినా చెప్పాలి, ఎందుకంటే నేను చూసిన మగవాళ్ళలో చాలామంది మొదట పట్టుకున్నది దాన్నే. అది నిద్ర పట్టిస్తుంది, కానీ రాత్రి రెండో సగంలో లేపేస్తుంది, కలల్ని ఇంకా పచ్చిగా చేస్తుంది. తెలిసినవాళ్ళు ఇచ్చే నిద్రమాత్రలు, ముఖ్యంగా డయాజెపామ్, అల్ప్రాజోలామ్ లాంటివి, సొంతంగా వేసుకోకండి. మొదటి నెలలో ఈ రకం మందులు ఇవ్వొద్దని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. అలవాటు పడిపోయే ప్రమాదం సరేసరి.

ఇప్పుడు ఆ మూల. దీని గురించి నా అనుభవమే చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన చోట ఒక కుర్రాడు పైనుంచి జారిన బరువు కింద పడ్డాడు. నేను వెళ్ళేసరికి ప్రాణం ఉంది, నా చెయ్యి పట్టుకున్నాడు, తర్వాత వదిలేశాడు. మర్నాడు వెళ్ళేసరికి యాజమాన్యం ఆ నేలకు కొత్త రంగు వేయించేసింది. ఒక్కరు కూడా వాడి పేరెత్తలేదు. నేను ఆ వరండా వైపు వెళ్ళడం మానేశాను. తర్వాత ఆ షెడ్డుకే వెళ్ళడం మానేశాను. తర్వాత స్ట్రెచర్ చక్రాల శబ్దం వస్తే మందుల గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదాన్ని. నర్సుని! తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉండేది, ఆ హాయే నన్ను మోసం చేసింది. తప్పించుకున్నప్పుడల్లా "అక్కడ నిజంగానే ప్రమాదం ఉంది, వెళ్ళలేదు కాబట్టి బతికాం" అని మెదడు పాఠం నేర్చుకుంటుంది. భయపడే చోట్లు ఒకటి రెండవుతాయి, రెండు పదవుతాయి. సహాయం కోసం వెళ్ళేసరికి నాకు ఏడాది పైనే పట్టింది. మీరు మూడు వారాలకే అడిగారు.

అందుకని ఆ మూలకి వెళ్ళండి, కానీ వీరుడిలా ఒక్కసారే వెళ్ళి నిలబడకండి. సరుకు కదలని వేళ, యంత్రాలు ఆగి ఉన్నప్పుడు, మీరు నమ్మే ఒక మనిషిని తోడు తీసుకుని, ఆ చోటు కనపడేంత దూరంలో ఆగండి. భయం పెరుగుతుంది. పెరగనివ్వండి. అక్కడే ఉండి, కాస్త దిగడం మొదలయ్యాకే వెనక్కి రండి. మర్నాడు ఇంకాస్త దగ్గరికి. శిఖరం మీద ఉండగా పారిపోతే పాఠం తిరగబడుతుంది, అందుకే దూరం తక్కువ పెట్టుకోమంటున్నాను. బీప్‌కి కూడా అంతే: ఆపరేటర్‌తో చెప్పి, మీరు సిద్ధంగా ఉన్నప్పుడు, దూరం నుంచి వినండి. ఒంటరిగా చేయలేననిపిస్తే, చేస్తుంటే రోజురోజుకీ ఎక్కువైతే, దీన్ని థెరపిస్టుకే వదిలేయండి.

ఈలోగా ఫోర్క్‌లిఫ్ట్‌లు తిరిగే చోట చేతులు చల్లబడి కాళ్ళు ఆడని స్థితిలో పనిచేయడం మీకూ, పక్కవాళ్ళకూ ప్రమాదం. సూపర్‌వైజర్‌తో "మనసు బాలేదు" అని కాకుండా "రెండు వారాలు నన్ను లోడింగ్ దగ్గర కాకుండా వేరే పనిలో పెట్టండి, రాత్రి షిఫ్టు వద్దు" అని స్పష్టంగా, రాతపూర్వకంగా అడగండి. పూర్తి సెలవు మీద నెలలకు నెలలు ఇంట్లో కూర్చోమని నేను సాధారణంగా చెప్పను, ఖాళీ గదిలో ఆ దృశ్యానికి పోటీ ఉండదు. పని వల్ల వచ్చిన జబ్బు అనిపించుకోవడానికి సిగ్గుపడకండి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి సంబంధ వ్యాధుల జాబితాలో పీటీఎస్‌డీ పేరు ఉంది. దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు ఉన్న జాబితాలోనే. జరిగిన రోజు, మీరేం చేశారు, అప్పటినుంచి ఏం ఇబ్బంది, ఇవి ఇప్పుడే రాసి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి.

నెల దాటే వారానికి మీ అంకెలు దిగకపోతే మానసిక వైద్యుణ్ణి గానీ, ట్రామా చికిత్సలో శిక్షణ ఉన్న సైకాలజిస్టుని గానీ కలవండి. అక్కడ "ఇలాంటివాళ్ళకి మీరు ఏ పద్ధతిలో చికిత్స చేస్తారు" అని అడగడం మీ హక్కు. ట్రామా మీద, అంటే మనసుకు తగిలిన ఆ దెబ్బ మీద, దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనల్నీ ప్రవర్తననీ మార్చే మాటల చికిత్స), లేదా ఈఎమ్‌డీఆర్ అనే మాట వినపడాలి. సీబీటీలో ఆ జ్ఞాపకాన్ని క్షేమమైన చోట కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చెప్పిస్తారు, మీరు పట్టుకున్న అపరాధపు మాటల్ని మీతోనే పరీక్ష చేయిస్తారు. మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండు సార్లు వెళ్ళాల్సి ఉంటుంది. ఈఎమ్‌డీఆర్‌లో జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళను అటూ ఇటూ కదిలిస్తారు, వింతగా అనిపించినా దానికీ మంచి ఆధారాలున్నాయి. "మొదటి రోజే గదిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పించడం చెడ్డదన్నారు, ఇక్కడా చెప్పించడమే కదా" అంటారేమో. తేడా ఉంది. ఇది నెల తర్వాత, మీ ఇష్టంతో, ఒక్క మనిషితో, మీరు తట్టుకునే వేగంలో, ఎన్నోసార్లు జరుగుతుంది. అవసరమైతే సెర్ట్రాలిన్ లాంటి మందులు కూడా ఇస్తారు. వాటికి వారాలు పడుతుంది, రెండు రోజులు వేసుకుని మానేయకండి.

ఒక్క విషయంలో మాత్రం నెల దాకా ఆగొద్దు. "ఆయన బదులు నేను పోయుండాల్సింది" అన్న మాట "నేను పోవాలి" అనే మాటగా మారుతుంటే, ఎలా అన్న ఆలోచన వస్తుంటే, ఆ రోజే, ఆ గంటలోనే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి, లేదా మీకు దగ్గర్లోని సహాయవాణికి ఫోన్ చేయండి. అర్ధరాత్రయినా సరే.

చివరికి, పోయిన ఆయన భార్య ఫోన్. నిందిస్తుందని భయపడుతున్నారు. నేనూ ఆ కుర్రాడి తల్లిని కలవకుండా రెండేళ్ళు తప్పించుకున్నాను. కలిసినప్పుడు ఆమె నన్ను ఒక్కటే అడిగింది, "వాడి పక్కన ఎవరైనా ఉన్నారా?" ఆ జవాబు ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది, ఆమె రెండేళ్ళు అది లేకుండా గడిపింది.

మీరు సిద్ధమైన రోజు వెళ్ళండి, లేకపోతే "ఈ ఆదివారం వస్తానమ్మా" అని ఒక్క మెసేజ్ పెట్టండి, తనకి ఎదురుచూపైనా తగ్గుతుంది. ఒంటరిగా వెళ్ళకండి. అరగంట చాలు. అడిగినదానికే చెప్పండి. బాధపడ్డాడా అంటే, పడిపోయాక స్పృహ లేదని చెప్పండి, అది నిజం. పొద్దున ఏమన్నాడని అడిగితే ఛాతీ మాట కూడా చెప్పండి, గ్యాసేమో అన్న మాటతో సహా. తనకూ ఇంట్లో అలాగే అని ఉండొచ్చు, తనూ మీలాగే రాత్రి మూడింటికి లేచి కూర్చుంటూ ఉండొచ్చు. ఆవిడని కలిసొచ్చాక అదే రోజు పనికి వెళ్ళేలా పెట్టుకోకండి. వచ్చాక ఎలా ఉందో నాకు రాయండి.